జంపక్క ఉడుములు మబ్బెక్కిన వైనం

"ఇప్పుడు నేను చెప్పేదాంట్ల ఒక్క అక్షరం పొల్లున్నా సరే, ఈ వాన వారం రోజులు నా ఒక్కదాని నెత్తి మీదనే కురవాలె, మీరంతా ఎండల కూసోని చూడాలె!" అని ఒట్టు పెట్టింది జంపక్క.

మామూలు ఒట్టు కాదది. ఎందుకంటే ఆ వాన మామూలు వాన కాదు. మృగశిర కార్తె వచ్చిన మూడో రోజున, ములకలపల్లి దాటి అడవి అంచున ఉన్న ఆ ఊరి మీదికి అది ఉరుముతూ ఉరుకుతూ రాలేదు. ఎవరో గుట్ట మీద కూర్చుని నూలు కండె విప్పి, ఒక్కో పోగునూ తీరిగ్గా కిందికి వదులుతున్నట్టు దిగింది. ముందు గుట్టలు మాయమయ్యాయి. తర్వాత పామాయిల్ తోటలు. తర్వాత తారురోడ్డు. ఆఖరికి లోకం మొత్తం మీద మిగిలింది జంపక్క ఇంటి చూరు, చూరు కింద అరుగు, అరుగును ఆనుకుని సీతయ్య చాయ్ బండి, నలుగురు మనుషులు. అంతే. మిగతా లోకమంతా తెల్లటి పొగలో నానుతోంది.

ఆ నలుగురిలో సీతయ్య ఒకడు. అతని బండి ఆ అరుగు నీడన నిలబడి పదకొండేళ్లయింది. కిరాయి లేదు. జంపక్కకు పొద్దున ఒక చాయ్, పొద్దుగూకే వేళకు ఒక చాయ్ పొయ్యాలి, నడుమ ఆమె ఏం చెప్పినా "అవ్ అక్కా" అనాలి. అదీ ఒప్పందం. రెండోవాడు మక్సూద్. కల్లూరు నుంచి స్కూటర్ మీద ఊరూరా దుప్పట్లు అమ్ముతాడు. వానలో తడవకుండా దుప్పట్ల మూటను పట్టాతో చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నాడు. మూడో మనిషి ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పుష్పలత. ఖాకీ బట్టలు తడిసి నల్లబడ్డాయి. ఈ బీటుకొచ్చి మూడు నెలలు. నాలుగో మనిషి జంపక్క. డెబ్బై మూడేళ్లని ఆధార్ కార్డు అంటుంది, నూట పన్నెండని ఆమె అంటుంది.

ఒట్టు దాకా ఎందుకొచ్చిందంటే, పుష్పలత ఒక మాట అడిగింది. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, పెద్దగా పట్టింపు లేనట్టే అడిగింది.

"ఈ ఊర్ల ఎవరో ఇంట్ల ఉడుముల్ని పెంచుతున్నరని ఆఫీసుకు ఫోన్ వచ్చింది. మీకెవరికన్న తెలుసా?"

సీతయ్య చేతిలో గరిట ఆగిపోయింది. పాలు మీదికి పొంగుతున్నా చూడలేదు.

జంపక్క మాత్రం ఆగలేదు. "ఎవరో ఏంది బిడ్డా? నేనే!" అంది.

అని, పక్కనున్న కుండ మీద చెయ్యి వేసింది.

ఆ కుండ సంగతి మనం ఇప్పుడే చెప్పుకోవాలి. దాని మూతికి తడి గోనెపట్టా కట్టి ఉంది. లోపల సగానికి పైగా పుట్టమన్ను. ఆ మన్నులో పద్దెనిమిది ఉడుము గుడ్లు. పోయిన దసరా ముందు పక్క చేనులో పామాయిల్ మొక్కలు పెట్టడానికి ట్రాక్టరుతో పుట్టను చదును చేస్తుంటే బయటపడ్డాయి. డ్రైవరు చాయ్ తాగి వచ్చేలోగా జంపక్క కొంగులో మూటగట్టుకుని వచ్చేసింది. అప్పటినుంచి ఎనిమిది నెలలు దాటింది. పొయ్యి పక్కన పెట్టింది, చలికాలం కంబళి కప్పింది, ఎండలకు గోనె తడిపింది. ఈ పూట కాస్త ఎండ పొడ తగులుతుందని అరుగు మీదికి తెచ్చేసరికి, ఎండ పోయి వానా, వాన వెంట ఖాకీ బట్టలూ వచ్చి కూర్చున్నాయి.

ఉన్నమాట చెప్పేయొచ్చు. చెబితే కుండను బైకుకు కట్టి ఆఫీసుకు తీసుకుపోతారు. ఆఫీసు దాకా ఉన్నది రోడ్డు కాదు, గుంటల వరస. గుడ్లు దొర్లుతాయి. దొర్లిన గుడ్లలో ఏం మిగలదో జంపక్కకు తెలుసు. తన మీద కేసు పెడతారా పెట్టరా అన్నది ఆమె బుర్రలోకి రానే లేదు. కుండ కదలకూడదు. అంతే.

కాబట్టి ఆమె తన ఉపాయం తాను చేసింది. ఉన్న నిజాన్ని కళ్లముందే పెట్టి, దాని మీద ఒక గుట్టంత కథ కుప్ప పోయడం మొదలుపెట్టింది.

"నాకు పెండ్లయి ఏడాది. మా ఇంటాయన బొజ్జయ్య అడివికి పోతే ఉత్త చేతులతోని వచ్చేటోడు కాదు. ఒకనాడు మద్దిచెట్టు తొర్రల ఉడుము దూరింది. తోక పట్టి గుంజిండు, రాలే. నడుము పట్టి గుంజిండు, రాలే. నేను పోయిన. దాని చెవిల 'ఏందమ్మా, చలికి దూరినవా? మా ఇంట్ల పొయ్యి ఉన్నది, రా' అన్న. చేతుల్లకు దిగి వచ్చింది."

"ఉడుముకు చెవి ఎక్కడుంటది జంపక్కా?" అన్నాడు మక్సూద్.

"కంటి ఎనక ఉంటది, చిన్న రంధ్రం. దుప్పట్లు అమ్మేటోనివి నీకేం తెలుస్తది తమ్మీ. తెచ్చిన. మంచం కోడుకు పాత పంచె పేలికతోని కట్టిన. కోడిగుడ్డు పెడితే తినేది, ఎలుకను పెడితే తినేది. అంతే, బిడ్డా. గంతే సంగతి."

నిజానికి అక్కడికి ఆపేస్తే చాలు. పుష్పలత కూడా తల ఊపింది, ఎప్పటి ముచ్చటో కదా అన్నట్టు. కానీ సరిగ్గా అప్పుడే కుండలో ఏదో గీరింది. సన్నగా, గోరుతో చాటను గీరినట్టు.

ఎనిమిది నెలలుగా రాని చప్పుడు అది. తొలకరి వాసన మన్నులోకి దిగిందో ఏమో. ఇంకోసారి గీరేలోగా జంపక్క గొంతు రెండు పాళ్లు లేపింది.

"గంతే అనుకున్న! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మధ్యాహ్నం కునుకు తీసిన. మెలకువొచ్చి చూస్తే ఇల్లు లేదు, వాకిలి లేదు. చుట్టూ ఆకులు. తలకాడ గద్ద. ఉడుము మంచంతో సహా నన్ను తీసుకపోయి ఇప్పచెట్టు చిటారుకొమ్మన పెట్టింది!"

"మంచంతో సహానా?" అంది పుష్పలత.

"మంచం కింద చెంబు కూడా. చెంబుల నీళ్లు తొణకలే. అంత మెల్లగ ఎక్కింది, నిద్రల ఉన్నదాన్ని లేపొద్దని. అక్కడ్నించి చూస్తే అడివంతా నీళ్ల తీరున ఊగుతున్నది. గోదావరి గీ చేతి గీతంత ఉన్నది. మబ్బులు నా దిండు పక్కనుంచి పోతుంటే 'జరుగుండ్రి, జరుగుండ్రి' అని మోచేత్తోని నెట్టిన. కింద బొజ్జయ్య నిలబడి, అన్నం చల్లారుతున్నది దిగు అని మొత్తుకుంటడు. నేనేడ దిగుత? అంత మంచి గాలి నా జన్మల పీల్చలే. మూడు రోజులు అక్కడ్నే పండుకున్న. ఇప్పపువ్వు నోట్ల రాలితే తిన్న."

వాన చూరు మీదనుంచి దారాలు దారాలుగా జారుతోంది. పుష్పలత నవ్వింది. నవ్వితే ఆమె వయసు ఖాకీ బట్టల్లోంచి బయటపడింది. ఇరవై ఆరు కూడా ఉండవు.

కుండ మళ్లీ గీరింది. ఈసారి రెండు చోట్ల.

"అవ్వా, ఆ కుండల ఏందో చప్పుడైతున్నది?" అంది పుష్పలత.

సీతయ్య కళ్లు మూసుకున్నాడు. కుండకు కట్టిన గోనెపట్టా అతనిచ్చిందే, చక్కెర బస్తాది.

"ఇప్పపువ్వు బిడ్డా. నానబెట్టిన. పులుస్తుంటే గట్లనే బుడగలు లేస్తయ్" అంది జంపక్క, కన్ను కూడా ఆర్పకుండా. "సారా మాట నువ్వడగొద్దు. అది నీ డిపార్టుమెంటు కాదు. ఎక్సైజోళ్లు వస్తే వాళ్లకు వేరే కథ ఉన్నది."

మక్సూద్ కిసుక్కున నవ్వాడు. పుష్పలత కూడా కుండ మీదనుంచి చూపు తిప్పుకుంది. పెద్ద తప్పును చిన్న తప్పు కింద దాచిన జంపక్క, కొంగుతో ముఖం తుడుచుకుని, కథను ఇంకో మెట్టు ఎక్కించింది.

"ఒక్కదానికి బెంగ కదా, జోడి ఉండాలె గదా అనుకున్న. నేను వెతకనే లేదు. అదే నాలిక బయటపెట్టి గాలిని నాకింది. ఆ కబురు గాలిల పోయింది. ఏడు రోజులకు గోదావరి ఈదుకుంట ఒక మగ ఉడుము వచ్చి వాకిట్ల నిలబడ్డది. నా కాళ్ల మీద పడ్డది. లేవమన్న."

"దీవించినవా అక్కా?" అన్నాడు సీతయ్య, ఒప్పందం ప్రకారం.

"దీవించిన. పది మందికి సరిపోను దీవించిన, అదే తప్పైంది. ఆడది గుడ్లు పెట్టింది. నిమ్మకాయంత గుడ్లు, మెత్తగ తోలు తీరుగ ఉంటయ్. కుండల పుట్టమన్ను పోసి పేర్చిన. ఒక్కో గుడ్డుకు పైన కాటుక బొట్టు పెట్టిన. ఆ బొట్టు ఎప్పటికీ మీదికే ఉండాలె, జరగొద్దు. పిల్లలైనయ్. నల్లటి ఒంటి మీద పచ్చ పచ్చ చుక్కలు. ఇరవై పిల్లలు రెండొందలైనయ్, రెండొందలు రెండు వేలైనయ్, ఇంట్ల మాకు కాలు పెట్ట జాగ లేదు. అప్పుడు మా ఆయన ఏం చేసిండో తెలుసా?"

"ఏం చేసిండు?" అన్నాడు మక్సూద్.

"ఇంటి మీద గూనపెంకలన్నీ దించేసి ఉడుముల్నే కప్పిండు! వరుసగ, తోక మీద తల, తల మీద తోక. ఎండాకాలం అవి కొంచెం ఎడంగ జరిగేటివి, గాలి వచ్చేది. వానాకాలం దగ్గరికి జరిగేటివి, ఒక్క చుక్క కారలే. పండుకొని పైకి చూస్తే కప్పు మొత్తం ఊపిరి పీలుస్తుండేది. పైకి లేసేది, కిందికి దిగేది. తల్లి కడుపు మీద పండుకున్నట్టుండేది. అంత నిద్ర మళ్ల ఎన్నడు పోలే."

ఈ మాట అన్నప్పుడు ఆమె గొంతు ఎందుకో కొంచెం తగ్గింది. తగ్గకుండా ఎలా ఉంటుంది? బొజ్జయ్య బతికున్నన్నాళ్లూ ఉడుముల్ని తెచ్చాడు, ఆమె వండింది. పులుసు పెట్టింది, ఎండబెట్టింది, నూనె తీసి నడుం నొప్పులకు ఊరంతటికీ ఇచ్చింది. ఆయన పోయిన మరుసటి ఎండాకాలం ఇప్పపువ్వుకు వెళితే, పొద్దుగూకే దాకా గుట్టంతా తిరిగినా ఒక్క ఉడుము జాడ కనిపించలేదు. దుమ్ములో ఒక్క తోక గీత లేదు. ఆ ఖాళీ గుట్ట మధ్యన నిలబడి ఆమె మొదటిసారి తన పొయ్యిని తలుచుకుంది. ఈ సంగతి మాత్రం ఆమె ఏ అరుగు మీదా ఎవరికీ చెప్పలేదు.

కుండలో మన్ను కదిలింది. గోనెపట్టా ఒక చోట చిన్నగా పైకి పొడుచుకొచ్చి, మళ్లీ కిందికి దిగింది. జంపక్క దాని మీద మోచెయ్యి ఆనించి, కాలు మీద కాలు వేసుకుంది.

పుష్పలత చాయ్ గ్లాసు సగంలోనే ఆగిపోయి ఉంది. జంపక్క అది చూడలేదు.

"ఉడుము నాలిక చూసినవా బిడ్డా? రెండుగ చీలి ఉంటది. ఎందుకో తెలుసా? ఒక కొసతోని ఇయ్యాల్టి రుచి చూస్తది. ఇంకో కొసతోని రేపటి రుచి చూస్తది. గా సంగతి తెలిసి మా ఇంటి ముందు జనం. వాన పడతదా, బస్సు వస్తదా, దవాఖానల డాక్టరుంటడా, అన్నీ అడిగేటోళ్లు. మా ఉడుములు నాలిక ఆడిచ్చి చెప్పేటివి. ఏడాది తిరిగేసరికి ఊరు పాడైంది."

"పాడెందుకైతది? మంచిదే గదా?" అన్నాడు మక్సూద్.

"ఏం మంచి? రేపటి కూర ఇయ్యాల్నే తెలుస్తుంటే ఎవరికి ఆకలైతది? రేపటి కొట్లాట ఇయ్యాల్నే తెలిసి ముందే రాజీ పడుతుంటే పంచాయితీ పెద్దమనుషులు ఏం తిని బతుకుతరు? అందరూ తెల్లముఖాలేసుకొని అరుగుల మీద కూసున్నరు. అందుకే ఉడుములకు చెప్పిన, ఇగ రేపటి ముచ్చట ఎవరికీ చెప్పకుండ్రి అని. అప్పటిసంది అవి నాలిక ఆడిస్తయ్ గని, ఏం చెప్పవు."

చూరు నీళ్లు వాకిట్లో చిన్న కాలువై పారుతున్నాయి. ఇప్పచెట్టు ఆకు ఒకటి ఆ కాలువ మీద పడవలా వచ్చి, సీతయ్య బండి చక్రం దగ్గర కాసేపు ఆలోచించి, వెళ్లిపోయింది. కుండలో ఇప్పుడు గీరడం ఆగడం లేదు. ఇక మిగిలింది ఊరే. ఊరిని కదిలించాల్సిందే అనుకుంది జంపక్క.

"ఇంకొకటి చెప్పనా? అసలు మన ఊరు ఇక్కడిది కాదు."

"మరేడిది?" అన్నారు ముగ్గురూ ఒకేసారి.

"తల్లాడ పక్కన ఉండేది! చుట్టూ మైదానం. ఎండ. ఉడుములకు నీడ లేదు, పుట్ట లేదు. ఒక మధ్యాహ్నం ఊరంతా అన్నాలు తిని కునుకు తీస్తున్నది. నేనొక్కదాన్నే మేలుకొని ఉన్న. చూస్తుంటే, మా ఉడుములు కప్పు మీదికెల్లి దిగినయ్. అప్పటికి లచ్చ ఉంటయ్. ఊరి చుట్టూ తిరిగి, పునాదులకు గోర్లు దిగేసి పట్టినయ్. పట్టి నడిచినయ్. ఇండ్లు, బావులు, కోళ్లు, బడి, బడిల పిల్లలు, అన్నీ కదిలినయ్. ఒక్కరికి మెలకువ రాలే. చెట్లు మాకు ఎదురొచ్చి పక్కకు జరుగుతున్నయ్. పంటచేలు, సందులు, వాగులు... వాగు దాటుతుంటే ఊరంతా కొంచెం ఊగింది, నిద్రల పిల్లలు నవ్విండ్రు. ఇక్కడికొచ్చి నీడ చూసి దించినయ్. లేసినోళ్లు కండ్లు నలుపుకొని 'అరె, ఇయ్యాల చల్లగ ఉన్నదేంది' అన్నరు. అంతే. ఎవరికీ తెల్వదు."

"అందుకేనా కల్లూరు నుంచి నాకు ఇంత పెట్రోల్ అయితున్నది!" అన్నాడు మక్సూద్.

"మరి! కొంచెం వాలుగ దించినయ్, తొందరల. సీతయ్య పొయ్యి చూడు, చాయ్ ఎప్పుడూ ఎడం గ్లాసులకే ఎక్కువ పడతది."

అందరూ బండి వైపు చూశారు. నిజంగానే ఎడమ గ్లాసులో చాయ్ ఎక్కువుంది. సీతయ్య నోరెళ్లబెట్టాడు. పదకొండేళ్లుగా తన చేతిదే తప్పనుకుంటున్నాడు పాపం.

ఇప్పుడు ముగించాలి. ముగింపు ఎలా ఉండాలో జంపక్కకు ముందునుంచే తెలుసు. ఉడుములన్నీ పోవాలి. ఒక్కటి కూడా మిగలకూడదు.

"ఆఖరికి ఒక ఏడు వానలే లేవు. గుట్టలు ఎండి గలగలమన్నయ్. మబ్బులు పోతున్నయ్ గని ఆగుతలేవు. అప్పుడు మా ఉడుములు గుట్ట చివరికి పోయినయ్. ఒకటి తోక ఇంకోటి పట్టుకొని నిచ్చెన తీరుగ పైకి లేసినయ్. మబ్బు అంచును పట్టినయ్. పట్టినయంటే ఇడుస్తయా? మబ్బు గుంజుకుంటది, అవి గుంజుతయ్. మబ్బు గుంజుకుంటది, అవి గుంజుతయ్. ఆఖరికి మబ్బు దిగింది. వాన పడ్డది. గని మా ఉడుములు దిగలే. అక్కడ్నే మెత్తగ ఉన్నదని ఉండిపోయినయ్. ఇయ్యాల్టి వాన కూడా అవి గుంజుతున్నదే. చూడుండ్రి."

వాళ్లు చూశారు. చూడకుండా ఎవరుంటారు? చూరు అంచు దాటి, తెల్లటి పొగ దాటి, మబ్బు కడుపు కిందికి వంగి ఉంది. అక్కడక్కడ నల్లగా, పొడుగ్గా, నిదానంగా కదులుతున్నట్టుంది. మక్సూద్ అయితే దుప్పట్ల మూటను ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

"గట్ల అన్నీ పోయినయ్ బిడ్డా" అంది జంపక్క, నిట్టూర్చి. "ఫోన్ చేసినోళ్లకు గదే చెప్పు. ఉండేటివి. ఇప్పుడు నా దగ్గర ఒక్కటి లేదు."

పుష్పలత గ్లాసు కింద పెట్టింది. చాయ్ చల్లారిపోయి మీగడ కట్టింది.

"అవ్వా, మంచం చెట్టెక్కింది. ఇంటి కప్పు ఊపిరి పీల్చింది. ఊరు నడిచొచ్చింది. అన్నీ విన్న. మా నాయనమ్మ పోయినంక ఇంత మంచిగ నాకెవరూ చెప్పలే. కానీ నడుమల ఒక మాట బియ్యంల రాయి తీరుగ పంటికి తగిలింది."

"ఏం మాట?"

"కాటుక బొట్టు."

జంపక్క చెయ్యి కుండ మీద బిగుసుకుంది. "దిష్టికి" అంది వెంటనే. "పసిపిల్లలకు పెట్టమా?"

"దిష్టిచుక్క బుగ్గకు పెడతరు, అరికాలుకు పెడతరు. ఎటు తిరిగినా పర్వా లేదు. నువ్వు గుడ్డు నెత్తిన పెట్టి, అది మీదికే ఉండాలె, జరగొద్దు అన్నవ్. ఆ గుడ్డు బోర్లపడితే లోపల పిల్ల సచ్చిపోతది. ఆ సంగతి మాకు ట్రైనింగుల చెప్పిండ్రు. కోతలు కోసేటోళ్లకు అది తెల్వదు. గుడ్లను చేతుల్లకు తీసుకున్నోళ్లకే తెలుస్తది."

ఇరవై మూడు తెచ్చింది జంపక్క. మొదటి రోజు తెలియక ఐదింటిని కూరగాయల్లా కుండలో దొర్లించింది. వారానికి అవి పసుపెక్కి కుళ్లాయి. మిగతావి మన్నుపెళ్లతో పాటు ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి గనుక బతికాయి. ఆ ఐదింటిని వేప మొదట్లో పాతిపెట్టి వచ్చి, తన కాటుక డబ్బా తీసి, పద్దెనిమిదింటికీ బొట్టు పెట్టింది. అది ఇప్పుడు కథలోకి ఎలా జారిందో ఆమెకే తెలియలేదు. అన్ని అబద్ధాలు చెప్పే మనిషికి ఒక నిజాన్ని చెప్పుకోవాలని లోపలెక్కడో ఉంటుందేమో.

"చూడవ్వా" అంది పుష్పలత, గొంతు తగ్గించి. "ఫోన్ వచ్చింది గనుక ఏదో ఒకటి రాయాలె. ఇదంతా అబద్ధం అని నీ నోటితోని ఒక్క మాట చెప్పు. చాలు. ముసలామె ముచ్చట్లు చెప్పింది, ఏం దొరకలే అని రాసుకొని పోత. కుండ ముట్టుకోను."

ఇంత మంచి తోవ ఇంకెవరు చూపిస్తారు? సీతయ్య కళ్లతోనే బతిమిలాడాడు. అను అక్కా, అనేయ్. మక్సూద్ కూడా మోచేత్తో పొడిచాడు. మూడక్షరాల మాట. జంపక్క నోరు తెరిచింది.

రాలేదు.

మళ్లీ తెరిచింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఏళ్ల తరబడి చెప్పిన ప్రతి కథకూ ముందు ఒట్టు పెట్టింది. ఊరు నడవలేదంటే నడవలేదేమో. కానీ పడుకుని పైకి చూసిన ఆ కప్పు, ఊగిన ఆ వాగు, ఆ నిద్ర, వాటిని పట్టుకుని అబద్ధం అనడమా? తన నోటితోనా? ఒక పక్క పద్దెనిమిది గుడ్లు, ఒక పక్క ఆ ఒక్క మాట. గుడ్ల కోసమైనా అనాలి. అనాలనే అనుకుంది. "అ..." అంది. ఆగిపోయింది. డెబ్బై మూడేళ్లలో, పోనీ నూట పన్నెండేళ్లలో, జంపక్క మాట కోసం తడుముకోవడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు.

అంతలో గోనెపట్టా ఒక చిరుగు దగ్గర పైకి లేచింది.

ముందు ముక్కు వచ్చింది. దాని వెనక చిటికెన వేలంత తల. నల్లటి తల మీద పచ్చటి చుక్కలు, ఇప్పుడే ఎవరో పుల్లతో పెట్టినట్టు. అది వాన వైపు చూసింది. ఖాకీ బట్టల వైపు చూసింది. తర్వాత నాలుక బయటపెట్టింది. సన్నటి దారంలాంటి నాలుక, కొసన రెండుగా చీలింది. ఒక్కసారి గాలిలో ఆడించి, లోపలికి తీసుకుంది.

"రేపటిది చెప్పింది గదా?" అన్నాడు మక్సూద్, గుసగుసగా.

"చెప్పదు. నేను వద్దన్న గదా" అంది జంపక్క. అంతటితో ఆమెకు గొంతు తిరిగొచ్చేసింది.

పుష్పలత మోకాళ్ల మీద కూర్చుంది. ట్రైనింగులో బొమ్మలు చూసింది తప్ప, అప్పుడే పుట్టిన ఉడుమును ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె ఊపిరి తగిలి పిల్ల కళ్లు మూసుకుంది. చిరుగులోంచి చూస్తే, దాని పక్కన ఇంకో ముక్కు మన్నును పొడుస్తోంది. పగిలిన గుడ్డు పెంకు మీద కాటుక బొట్టు అలాగే ఉంది, సరిగ్గా నెత్తిన.

తల ఎత్తకుండానే ఆమె అడిగింది. "ఎక్కడ దొరికినయ్ అవ్వా?"

"పక్క చేన్ల. ఆ పుట్ట లేదిప్పుడు, పామాయిల్ పెట్టిండ్రు."

"ఇంట్ల ఉంచుకోనియ్యను. తెలుసు గదా?"

"ఉంచుకుంటనని ఎవరన్నరు? తిన్నన్ని తిన్నం. ఇవన్న గుట్టకు పోవాలె." ఇది అరుగు మీద ఎన్నడూ చెప్పని మాట. చెప్పేసి, అది ఎవరికీ పూర్తిగా అర్థం కాకముందే, జంపక్క నడుం మీద చెయ్యి పెట్టి లేచింది. లోపలికి వెళ్లి పాత చీర పేలికను చుట్టకుదురుగా చుట్టుకుని వచ్చింది. పుష్పలత తల మీద టోపీ తీసి మక్సూద్ దుప్పట్ల మీద పడేసింది. చుట్టకుదురును ఆ తల మీద పెట్టింది.

"ఏంది అవ్వా ఇది?"

"ఏందంటే ఏం చెప్పాలె? నా మోకాళ్లు వాగు దాటవు. ఈ సీతయ్యకు భయం, చేతులు వణుకుతయ్. మక్సూదు తమ్మి దారి తప్పి కల్లూరు పోతడు. లే బిడ్డా." ఆమె కుండను మెల్లగా ఎత్తి, పుష్పలత తల మీద నిలిపింది. "బండి ఎక్కకు, నడిచే పో. వంగకు, ఉరకకు. వాగు అవతలి ఒడ్డున తునికి చెట్ల నడుమ పెద్ద పుట్ట ఉన్నది. దాని మొదట్ల తడి మన్ను తవ్వి, కుండను ఒరగనియ్యకుండ మూతి దాకా పాతి, గోనె ఇప్పి, దూరం జరిగి కూసో. బయటికొచ్చినయన్నీ పుట్టల దూరిందాక లేవకు. కొన్ని ఇయ్యాల రావు, కుండ అక్కడ్నే ఉండనియ్యి, రేపు పొద్దున మళ్ల పోయి చూడు. పెంకులు నాకు పట్టుకరా, బొట్లు చూసుకోవాలె."

పుష్పలత ఒక చేత్తో కుండ పట్టుకుని, వానలోకి ఒక అడుగు వేసింది. తెల్లటి పొగలో ఖాకీ బట్టలు అప్పుడే సగం కరిగిపోయాయి. కుండ మూతిలోంచి మూడో తల బయటికి వచ్చి, పైకి, మబ్బు వైపు చూస్తోంది.

"ఇంకో మాట!" అని వెనకనుంచి కేకేసింది జంపక్క. "దోవల అవి మబ్బెక్కుతమంటే ఎక్కనియ్యకు! చుట్టాలున్నరని మారాం చేస్తయ్. వద్దని గట్టిగ చెప్పు. వాన రెండు రోజులు ఆగాలె, నా ఇప్పగింజలు ఇంకా ఎండలే!"